సవర పిల్లల చదువుకు టెక్నాలజీ: బీటెక్ తర్వాత ఏ దారి?

ప్రశ్న: నేను శ్రీకాకుళం ఆర్‌జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ)లో కంప్యూటర్ సైన్స్ ఈ3 (ఇంజినీరింగ్ మూడో ఏడాది) చదువుతున్నాను. మాది సీతంపేట ఏజెన్సీలోని సవర గిరిజనుల గ్రామం. మా ఊరి చిన్నపిల్లలు బడిలో తెలుగు పాఠం అర్థంకాక వెనుకబడిపోతున్నారు. వారి కోసం ఒక యాప్ తయారు చేయాలని, అదే నా వృత్తి కావాలని కోరిక. నాన్న మాత్రం క్యాంపస్ ఉద్యోగం వస్తే వదులుకోవద్దంటున్నారు. నేను ఏం చేయాలి?

జవాబు: ఇది వృత్తిగా నిలబడే పనేనని మొదటే చెబుతున్నాను. అయితే యాప్ తయారీ ఈ పనిలో చివరగా వచ్చే భాగం. పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో, ఎందుకు ఆగిపోతున్నారో బడిలో కూర్చుని తెలుసుకోవడం దానికన్నా ముందు జరగాలి. రాబోయే మూడు నాలుగేళ్లను మీరు ఆ వరుసలోనే అమర్చుకుంటే మీ నాన్నగారి ఆందోళనకూ సమాధానం దొరుకుతుంది.

మీరు తలపెట్టిన పనికి మీ ప్రాంతంలోనే వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు ముందు సవర భాషను తాను నేర్చుకుని, తర్వాత ఆ భాషలో వాచకాలు సిద్ధం చేసి, సవర పిల్లల కోసం బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా సవర, కువి, కోయ, గోండి సహా 8 భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు తయారు చేసి బహుభాషా విద్య నడిపారు. కాబట్టి మీరు ఖాళీ నేల మీద మొదలుపెట్టడం లేదు. ఆ పుస్తకాలను సంపాదించి చదవండి. వాటితో పాఠం చెప్పిన టీచర్లు, విద్యా వలంటీర్లు మీ మండలంలోనే ఉంటే వారిని కలిసి, ఏది పనిచేసిందో ఏది పనిచేయలేదో అడిగి రాసుకోండి.

టెక్నాలజీ చదువును మెరుగుపరుస్తుందా అన్న ప్రశ్నకు ప్రపంచంలో ఇప్పటికే కొన్ని స్పష్టమైన జవాబులు వచ్చాయి, ఈ రంగంలోకి రాదలచుకున్నవారు వాటిని తప్పక తెలుసుకోవాలి. పెరూ దేశంలో ప్రభుత్వం ‘బిడ్డకొక ల్యాప్‌టాప్’ పథకం కింద గ్రామీణ బడులకు పెద్దఎత్తున ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. 319 ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన అధ్యయనం, సుమారు 15 నెలల తర్వాత కూడా గణితంలోనూ భాషలోనూ పిల్లల ఫలితాల్లో మెరుగుదల లేదని తేల్చింది. పరికరాలు చేరాయి గాని, వాటిని రోజువారీ పాఠంలో ఎలా కలుపుకోవాలన్న విషయంలో టీచర్లకు తగిన తోడ్పాటు అందలేదు.

ఢిల్లీ అనుభవం ఇందుకు భిన్నమైనది. అక్కడ బడి వేళల తర్వాత నడిచిన కేంద్రాల్లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ వాడిన పిల్లలపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అధ్యయనం చేసి 2019లో ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారని ముందుగా బయటపడింది. ఆ సాఫ్ట్‌వేర్, తరగతి సిలబస్‌ను పక్కనపెట్టి, ఒక్కొక్కరికీ వారున్న స్థాయి నుంచే ప్రశ్నలు ఇచ్చింది. నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ చెప్పుకోదగిన మెరుగుదల కనిపించింది. ఈ ఫలితాన్ని ఉదాహరించేవారు తరచు వదిలేసే వివరం ఒకటుంది: ఆ కేంద్రాల్లో సగం సమయం కంప్యూటర్ దగ్గర గడిస్తే, మిగతా సగం చిన్న బృందంలో ఒక బోధకుడి దగ్గర గడిచేది. మీ ఆలోచనలో కూడా ఆ బోధకుడికి చోటుండాలి. మీ ఊరి విషయంలో ఆ మనిషి బడి టీచరా, డిగ్రీ చదివిన పక్కింటి అక్కా అన్నది కోడ్ మొదటి వరుస రాయకముందే తేల్చుకోవలసిన సంగతి.

ఫోన్లు లేకపోవడమే అసలు సమస్య అన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. గ్రామీణ భారతంలో స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారంలో 57 శాతం మంది ఏదో ఒక చదువు పనికి, 76 శాతం మంది సోషల్ మీడియాకు స్మార్ట్‌ఫోన్ వాడినట్లు గ్రామీణ పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వే 2024 నివేదిక చెబుతోంది. ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్, కరెంటు ఇబ్బందులు ఉంటాయి, మీకు నాకన్నా బాగా తెలుసు. కాని ఆ ఇబ్బందులకు సాంకేతిక పరిష్కారాలు ఇప్పటికే ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే కోలిబ్రీ అనే వేదికను రాస్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌లో పెట్టి, వైఫై ద్వారా గదిలోని ట్యాబ్‌లన్నింటికీ పాఠాలు అందించవచ్చు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లోని కథలను సవరలోకి మార్చుకుని పంచుకోవడానికి దాని ఓపెన్ లైసెన్స్ అనుమతిస్తుంది. దొరకనిది, పిల్లల ఇంటి భాష నుంచి బడి భాషకు దాటించే సరైన పాఠం. లెక్క రాని పిల్లవాడికీ, లెక్కను అడిగిన వాక్యం అర్థంకాని పిల్లవాడికీ ఉన్న తేడా బయటి ఇంజినీరుకు పట్టుబడదు. సవర, తెలుగు రెండూ మాట్లాడే మీరు నిమిషంలో పట్టుకోగలరు. కోడింగ్ వచ్చినవారు వేలల్లో ఉన్నారు, ఈ అర్హత ఉన్నవారు చాలా తక్కువ.

అందువల్ల ఫైనలియర్ ప్రాజెక్టును చిన్న పరిధికి కుదించండి. ఒకటి నుంచి మూడో తరగతి వరకు గణితంలో మాటల్లో ఇచ్చే లెక్కలను మాత్రమే తీసుకుని, ప్రతి ప్రశ్ననూ ముందు సవరలో, తర్వాత తెలుగులో వినిపించే ఆఫ్‌లైన్ అప్లికేషన్ ఒక విద్యార్థి ఏడాదిలో పూర్తి చేయగల పని. ఊరి పెద్దల గొంతులు వారి అనుమతితో రికార్డు చేసుకోండి. తక్కువ మెమరీ ఉన్న పాత ఫోన్‌లో నడవాలన్న నియమం పెట్టుకుంటే మీ ఇంజినీరింగ్ నైపుణ్యమూ పదునెక్కుతుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి పిల్లల స్థాయి పరీక్షించి చూపగలిగితే, ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్టూ దానికి సాటిరాదు. బడిలో పనిచేయడానికి ప్రధానోపాధ్యాయుల ద్వారా సీతంపేట ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అనుమతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసింది గనుక, పేర్లు, ఫొటోలు, గొంతులు సేకరించడంలో మొదటి నుంచీ జాగ్రత్తగా ఉండండి. పిల్లల మాటను గుర్తుపట్టి జవాబిచ్చే కృత్రిమ మేధ పెట్టాలని మీకు అనిపించవచ్చు. సవరకు దానికి తగినంత రికార్డింగుల నిధి లేనప్పుడు ఆ వాగ్దానం ఎవరికీ చేయవద్దు. భాషా సాంకేతికతపైనే ఆసక్తి పెరిగితే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రంలో పై చదువు గురించి ఆలోచించండి.

ఇక జీవనోపాధి. ఇంట్లో అప్పులుంటే, తమ్ముళ్లు చెల్లెళ్లు మీ మీద ఆధారపడి ఉంటే క్యాంపస్ ఉద్యోగం తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. రెండు మూడేళ్లు పెద్ద సంఖ్యలో వాడకందారులకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఎలా నిర్మిస్తారో, ఎలా నిలబెడతారో నేర్చుకుని వచ్చినవారి అవసరం విద్యా సంస్థలకు చాలా ఉంది. ఇల్లు కొంత నిలదొక్కుకుని ఉంటే గాంధీ ఫెలోషిప్, ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా వంటివి నెలవారీ భృతితో గ్రామాల్లో, ప్రభుత్వ బడుల వ్యవస్థలో పనిచేసే అవకాశం ఇస్తాయి. ఆ అనుభవం తర్వాత బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో గాని, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్‌లో గాని ఎంఏ ఎడ్యుకేషన్ చేస్తే పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న శాస్త్రం మీ చేతికి వస్తుంది. పరిశోధన వైపు మొగ్గుంటే ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో పీహెచ్‌డీ ఉంది. పాఠ్యాంశాల రూపకల్పన, పరీక్షల తయారీ, విద్యా డేటా విశ్లేషణ, స్వచ్ఛంద సంస్థల కార్యక్రమ నిర్వహణ వంటి ఉద్యోగాలు ఈ దారిలో ఉంటాయి. తొలి జీతం పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలతో పోలిస్తే తక్కువగా ఉండవచ్చని నాన్నగారికి దాచకుండా చెప్పండి.

మరో దారిని మీరు ప్రస్తావించలేదు గాని, నేను దానిని చాలా గౌరవిస్తాను. బీటెక్ చదివినవారికి కూడా ఎడ్‌సెట్ ద్వారా బీఈడీలో ప్రవేశముంది. తర్వాత టెట్, డీఎస్సీ రాసి ఏజెన్సీ బడిలోనే గణితం టీచరుగా చేరితే స్థిరమైన ప్రభుత్వోద్యోగం, రోజూ పరీక్షించుకోవడానికి మీదే తరగతి గది రెండూ దక్కుతాయి. మార్కుల నిబంధన, మెథడాలజీ (బోధించడానికి ఎంచుకునే) సబ్జెక్టు ఎంపిక ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఈ దారుల్లో ఏది ఎంచుకోవాలో ఇప్పుడే తేల్చుకోనవసరం లేదు. ఈ సెలవుల్లో మీ ఊరి బడికి వెళ్లి, ఫోన్ బయటికి తీయకుండా కొన్ని రోజులు పిల్లల పక్కన కూర్చుని, వారు తప్పు చేసిన ప్రతి లెక్కనూ, ఆ తప్పు వెనుక వారు చెప్పిన కారణాన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి. తిరిగి క్యాంపస్‌కు వచ్చాక ప్రాజెక్టు గైడుకు మొదట చూపవలసింది ఆ పుస్తకమే. నాన్నగారినీ వీలైతే ఒక రోజు బడికి వెంట తీసుకెళ్లండి.