పన్నాకు పోయే ముందు, అల్లుడా

చిరంజీవి శేఖర్‌కు,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. స్నేహితులతో కలిసి మధ్యప్రదేశ్‌లోని పన్నాలో వజ్రాల గుంత పట్టా తీసుకుంటున్నావట. దేవరకొండ పిల్లగాడు అంత దూరం పోయి గని తవ్వుతాడంటే ఛాతీ ఉబ్బింది. తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

కాగితాలు, గది అద్దె, తిండి ఖర్చు నీకు చెప్పనక్కర్లేదు. గుంతలోంచి ఎంత వస్తుందని రాసుకున్నావు? అక్కడిచ్చే చోటు 8 మీటర్లకు 8 మీటర్లు. పైమట్టి తీశాక గులకపొర అర మీటరు ఉందనుకో, 32 ఘనపు మీటర్లు, అరవై టన్నుల గులక. పన్నా దగ్గరే పెద్ద యంత్రాలతో తవ్విన మఝ్‌గవాన్ వజ్రాల గనిలోనే వంద టన్నులకు సుమారు 10 క్యారెట్లు. అంటే 2 గ్రాములు, మీ అత్త కమ్మల బరువు కూడా కాదు. నీ గులకలో అంతకన్నా పడొచ్చు, సున్నా పడొచ్చు. పది చిన్న రాళ్లు కలిపి ఒక క్యారెట్ తూగినా, ఒంటి క్యారెట్ రాయి ధర రాదు. దొరికింది సర్కారు డైమండ్ ఆఫీసులో జమ చేయాలి, వేలమయ్యాక రాయల్టీ, అంటే సర్కారు వాటా, కోసుకుని ఇస్తారు. అప్పటిదాకా కూలీలు ఆగుతారా?

నా క్వారీ సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. గుట్ట అంచున ఒక్క చోట కోసి చూశాం. నల్ల గ్రానైట్, అద్దంలా వచ్చింది. గుట్టంతా అట్లే ఉంటుందనుకున్నా. తీసిన దాంట్లో మూడో వంతు అమ్ముడుపోతుందని నోట్‌బుక్కులో రాసుకున్నా. కొనేటాయన వచ్చి బండ మీద బిందెడు నీళ్లు పోయించాడు. బీడీ ముట్టించుకుని పక్కనే కూర్చున్నాడు. ఎండకు బండంతా ఆరి మసకబడింది. వెంట్రుకంత గీత ఒకటి మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి తడిగా, నల్లగా మిగిలింది. "ఇది వద్దు" అన్నాడు. అట్లా పదింటిలో తొమ్మిది పోయాయి. కంప్రెసర్ అద్దె ఆగలేదు, వడ్డీ ఆగలేదు. మీ అత్త పుస్తెలతాడు తాకట్టు విడిపించడానికి ఆరేళ్లు పట్టింది. ఒక్క మాట అనలేదు ఆమె. తిట్టినా బాగుండేది.

అందుకే పక్క గుంతల వాళ్లను ఏం దొరికిందని అడగకు, ఎన్ని నెలలు ఏమీ దొరకలేదో అడుగు. ఒక్క రాయీ దొరక్కపోతే ఎంత పోతుందో ఆ అంకె అన్నిటికంటే పైన రాసుకో. అందులో కూలీల కూలి కూడా కలుపు. చెరువు కింది రెండెకరాల జోలికి పోయావో, కాళ్లు విరగ్గొడతా. వాన పడ్డ మర్నాడు గుంతలోకి దిగకు బిడ్డా, ఒడ్డు కూలుతుంది.

ఆదివారం లెక్క కాగితం పట్టుకుని రా. అత్త పచ్చిపులుసు చేస్తానంది. వాకిట్లో బట్టలుతికే రాయి ఉందే, ఆ బండ ముక్కే అది. చెంబెడు నీళ్లు పోసి చూద్దువు గానీ.

నీ మేనమామ