పింఛను చేతిలో పెట్టి వచ్చేయకు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఒకటో తేదీన పింఛను ఇచ్చేటప్పుడు తప్ప మీ ఊళ్లోని ఆ నలుగురైదుగురు వికలాంగుల ముఖాలు మళ్లీ ఎక్కడా కనిపించడం లేదని రాశావు. గ్రామ సచివాలయంలో ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ సంగతి నీ మనసుకు పట్టినందుకు చాలా సంతోషం. పల్లెల్లో పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన వెలుగు ప్రాజెక్టులో వికలాంగుల సంఘాల కోసం ఊరూరా తిరిగినదాన్ని కదా, నాకు తెలిసింది చెబుతాను.

2024 జూలై నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది, అదీ గుమ్మం దగ్గరికే వస్తోంది. మంచం దిగలేనివాళ్లకు ఇది ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను. కానీ ఇదివరకు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పింఛను కోసం కూర్చుంటే నలుగురూ పలకరించేవారు. కొందరికి నెల మొత్తానికి అదొక్కటే బయటి ప్రపంచం. ఇప్పుడు అదీ లేదు. అందుకే వేలిముద్ర వేయించుకుని వచ్చేయకు. వేరే రోజున, చేతిలో ఏ కాగితమూ లేకుండా మళ్లీ వెళ్లు.

వెళ్లినప్పుడు ఆ మనిషితోనే మాట్లాడు. పక్కన తల్లి ఉంటే "అబ్బాయి అన్నం తిన్నాడా" అని ఆమెను అడగడం మనందరికీ అలవాటు. అతనికి ముప్పై ఏళ్లు, అతన్నే అడగాలి. మాట కూడబలుక్కుని చెప్పేవాళ్లుంటారు. వాక్యాన్ని నువ్వు పూర్తి చేయకు, ఎంతసేపైనా ఆగు. చూపు లేనివాళ్ల దగ్గరికి వెళ్లగానే నువ్వెవరో చెప్పు, లేచి వచ్చేటప్పుడూ చెప్పి రా. వినపడని పిల్ల ఉన్న ఇంట్లో వాళ్లలో వాళ్లకే తెలిసిన సైగలు ఉంటాయి. ఓ పది నేర్చుకుని ఆ పిల్ల ఈడు ఆడపిల్లలకూ నేర్పు.

బయటికి ఎందుకు రావడం లేదంటే చాలామంది కారణం చెప్పరు. ఆడవాళ్ల విషయంలో అది ఎక్కువగా మరుగుదొడ్డే. పెళ్లికి వెళ్లాలంటే పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లు నాకు తెలుసు. సమావేశం జరిగే చోటికి దగ్గరలో కుర్చీలా కూర్చునే దొడ్డి, వెడల్పాటి తలుపు ఉన్న ఇల్లు ఏదో చూసుకుని, ఆ ఇల్లాలిని ముందే ఒప్పించు. ఇక మెట్ల సంగతి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు కావాలి. మన ఊళ్లలో సిమెంటు పోసి నిటారుగా కట్టేస్తారు, దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కినా వెనక్కి జారుతుంది. మేస్త్రీ పని మొదలుపెట్టే రోజున టేపు పట్టుకుని నువ్వే దగ్గరుండు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవమని శాలువా కప్పి ఫొటో తీస్తే మర్నాటికి మళ్లీ అవే నాలుగు గోడలు. వాళ్లతో ఊరికి పని పడాలి. పోలియోతో కాళ్లు చచ్చుబడిన ఒక అబ్బాయి లెక్కల్లో గట్టివాడని తెలిసి, పొదుపు సంఘం పుస్తకాలు రాసే పని అతనికి ఇప్పించాం. మొదట్లో ఆడవాళ్లే అతని ఇంటికి వెళ్లి రాయించుకునేవారు. తర్వాత బడి వరండాలో కూర్చోవడం మొదలైంది. అతను లేకపోతే సమావేశం సాగదు కనుక ఆటో పంపించే బాధ్యత కూడా వాళ్లే తీసుకున్నారు. ఒకసారి వడ్డీ లెక్కలో తేడా వచ్చిందని ఒకావిడ అతనితో గట్టిగా పోట్లాడింది. అతనూ తగ్గలేదు, పాత పేజీలు తిప్పి చూపించి మరీ వాదించాడు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. జాలిపడే మనిషితో ఎవరూ పోట్లాడరు కదమ్మా!

మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లలకైతే పని చిన్నదైనా పరవాలేదు, కానీ రోజూ అదే వేళకు, అదే చోట, అదే మనిషి తోడుగా జరగాలి. ఆడపిల్ల అయితే తల్లి భయపడుతుంది. ఆ భయం న్యాయమైనదే, కొట్టిపారేయకు. ఆమె నమ్మిన ఆడమనిషినే తోడు పంపు. "నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు" అని ఆ తల్లి అడిగి తీరుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పద్దెనిమిదేళ్లు నిండాక కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధంగా సంరక్షకులను నియమించుకోవచ్చు. ఆమెను దగ్గరుండి తీసుకెళ్లు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతో ప్రభుత్వ డాక్టర్లు చూసి ఇచ్చే పత్రం, లేనివాళ్లు ఉంటే అదీ చూడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటి అయ్యాయి. ఆటిజం, పార్కిన్సన్స్, తలసీమియా కూడా అందులో ఉన్నాయని చాలా ఇళ్లలో తెలియదు.

ఎవరైనా రానంటే బలవంతపెట్టకు, వెళ్లడం మాత్రం మానకు. గాంధీ జయంతి నాటి గ్రామసభను మేడ మీద కాకుండా కింద పెట్టించమని సర్పంచిగారిని ఇప్పుడే అడిగి ఉంచు. ముందుగా ఎవరింటికి వెళ్లావో, వాళ్లకు ఏ పని చేతనవునో నాకు రాయి. సంఘం లెక్కల పుస్తకం నమూనా కావాలంటే పంపిస్తాను.

నీ పెద్దమ్మ