వాచ్‌మన్ చెప్పులు

తమ్ముడూ,

నీ డిటెక్టివ్ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా చదివించింది, అదేం చిన్న విషయం కాదు. రెండోసారి మాత్రం వాచ్‌మన్ చెప్పుల దగ్గర ఆగిపోయాను.

వానలో తిరిగితే చెప్పులు తడుస్తాయి. రాత్రి వాన పడింది, పొద్దున వాచ్‌మన్ చెప్పులు తడిగా ఉన్నాయి. కాబట్టి వాడు రాత్రి బయటికెళ్ళాడని మీ ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. మరి పనమ్మాయి తెల్లారకముందే బకెట్లతో మెట్లన్నీ కడిగిందని రాసింది నువ్వే కదయ్యా! ఆ చెప్పులుండేది మెట్ల కిందే. పోనీ, వెళ్ళాడే అనుకుందాం. మోటారు ఆపడానికి వెళ్ళాడేమో! అంతమాత్రానికే బీరువా పగలగొట్టినవాడైపోతాడా?

కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని నానుడి. ఆ అన్నంభట్టు మన తెలుగువాడే. 17వ శతాబ్దంలో ఆయన రాసిన తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర పుస్తకంలో నీ చెప్పుల గొడవే ఉంది. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పొచ్చు, వంటింట్లో రోజూ చూసేదే. దాన్నే తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలంటే మాత్రం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంటుంది, పొగేదీ? పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. ఆ తడికట్టెని, అంటే పైకి చెప్పకుండా వదిలేసిన షరతుని, తార్కికులు ‘ఉపాధి’ అన్నారు. (ఊదుగొట్టంతో కళ్ళు నలుపుకుంటూ కూర్చునే మా అమ్మమ్మకి ఆ మాట తెలీదు గానీ సంగతి బాగా తెలుసు.) మీ ఇన్‌స్పెక్టర్ చేసింది ఆ తిరగెయ్యడమే.

అవే చెప్పుల్ని పొడిగా ఉంచి చూడు. గోడ పక్క బురదలో దొంగ చెప్పుల అచ్చులున్నాయి, వాచ్‌మన్‌కి ఉన్నది ఒకటే జత, అది దుమ్ము పట్టి పొడిగా ఉంది. అయితే వాడు కాదని గట్టిగా చెప్పొచ్చు. ఇంకొకరి చెప్పులు వేసుకుని ఉండొచ్చుగా అంటావేమో. వాడి వంకర పాదానికి ప్రత్యేకంగా కుట్టించిన జత తప్ప ఇంకోటి పట్టదని రెండో పేజీలోనే రాసి పెట్టు.

నేనూ ఇలాగే బోర్లాపడ్డాను. విలేకరిగా చేరిన కొత్తలో ఒక ఊళ్ళో వరసగా ఆరిళ్ళకి తాళాలు చూసి, జనం వలసపోయారని వార్త పంపాను. వాళ్ళంతా పక్కూరికి పెళ్ళికెళ్ళారట. సాయంత్రానికి వచ్చేశారు. మర్నాడు సవరణ వేశారు, నా మొహం చూడాలి అప్పుడు! అప్పట్నుంచి నా రాతలో ‘కాబట్టి’ వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఇంకెలా జరిగి ఉండొచ్చో పక్కన రాసుకుంటాను.

నీ కథలో పదకొండు సున్నాలు చుట్టాను. నాలుగు నిలబడతాయి. ప్రతిని రేపు పోస్టులో వేస్తున్నాను. వాచ్‌మన్‌ని మాత్రం ఈలోగా విడిపించు, పాపం పదహారో పేజీ నుంచీ లాకప్‌లోనే ఉన్నాడు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య