‘నల్లోడు’ అంటే ఏమిటని అడిగాడు

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాం. ఎనిమిది నెలలుగా పన్నెండేళ్ల నల్లజాతి బాబు ఫోస్టర్ కేర్ (కన్నవారి దగ్గర ఉండలేని పిల్లలను ప్రభుత్వం తాత్కాలికంగా వేరే కుటుంబానికి అప్పగించే ఏర్పాటు) కింద మా ఇంట్లో పెరుగుతున్నాడు. నెలకు రెండుసార్లు వాళ్లమ్మను కలుస్తాడు. బడిలో కొందరు అతని రంగునూ జుట్టునూ వెక్కిరిస్తున్నారు. ఈమధ్య మా బావగారు, అంటే మావారి అన్నగారు, భోజనాల దగ్గర, ‘నల్లోణ్ని ఇంట్లో పెట్టుకున్నారు, బంగారం జాగ్రత్త’ అని తెలుగులో అని నవ్వారు. ఆ మాటకు అర్థమేమిటని బాబు రాత్రి అడిగితే ఏదో చెప్పి దాటవేశాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు, సర్దుకుపోయాడు. కదిలిస్తే ఇంకా బాధపడతాడేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు కలుక్కుమన్న మాట మీ బావగారిది కాదు, మీరు రాసిన ‘సర్దుకుపోయాడు’ అన్నది. కన్నతల్లి దగ్గరి నుంచి ఒకసారి వేరుపడి వచ్చిన పిల్లవాడికి, ఈ ఇల్లు కూడా శాశ్వతం కాదని తెలుసు. పేచీ పెడితే ఇక్కడి నుంచీ పంపించేస్తారేమోనన్న భయంతో అలాంటి పిల్లలు చాలా బాధలను నోరు మెదపకుండా మింగేస్తారు. అర్థం అడిగే సరికే, నవ్విన తీరును బట్టి అతడు సగం గ్రహించి ఉంటాడు. మిగతా సగం మీరు దాటవేయడంతో తెలిసి ఉంటుంది.

కాబట్టి మీరే కదిలించండి. ఆ మాటకు అర్థం ఉన్నదున్నట్లు చెప్పి, అలా అనడం తప్పనీ, ఆ పూట ఊరుకోవడం మీ తప్పనీ ఒప్పుకోండి. ‘మాకూ ఈ దేశంలో వివక్ష ఎదురైంది’ అని మాత్రం మొదలుపెట్టకండి. ఎదురై ఉండవచ్చు, కానీ మీరు మీ కుటుంబంతో, మీ ఇష్టంతో ఇక్కడికి వచ్చారు. అతని వయసు నల్లజాతి మగపిల్లలకు దుకాణంలోనూ పోలీసుల ముందూ ఎలా మసలుకోవాలో వాళ్ల ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవలసి వస్తుంది. ఆ సంగతులు మీకు అనుభవంలో లేవు గనుక, అవి తెలిసిన నల్లజాతి పెద్దలు అతని జీవితంలో ఉండేలా చూడండి.

పెద్దవారికి ఎదురు చెప్పడం మన ఇళ్లలో కోడలికి తేలిక కాదు, అందుకే అన్నగారితో మీవారే మాట్లాడడం సబబు. ఆయన బాబుకు క్షమాపణ చెప్పేదాకా ఆ ఇంటి భోజనాలకు బాబును తీసుకువెళ్లవద్దు, ఆయనను మీ ఇంటికి పిలవనూ వద్దు. పెళ్లి ప్రకటనల్లో పిల్ల తెల్లగా ఉండాలని రాసుకునే మనకు ఇది చిన్న పరిహాసంగా తోచవచ్చు గాని, దొంగతనం అంటగట్టడం పరిహాసం కాదు. జాతిని కారణంగా చూపి బిడ్డను ఒక ఇంటికి అప్పగించడానికి నిరాకరించడం గాని, జాప్యం చేయడం గాని కుదరదని అమెరికాలో 1994 నాటి చట్టం, 1996లో చేసిన మార్పులు చెబుతున్నాయి. ఆ చట్టం బిడ్డను మీ గుమ్మం దాకా తీసుకురాగలదు. లోపలికి వచ్చాక ఏ మాటలు వినబడతాయన్నది మీ చేతుల్లోనే ఉంది.

బడి సంగతిలో నోటి ఫిర్యాదు చాలదు. ఎవరు, ఏ రోజున, ఏమన్నారో రాసి ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పంపి, నకలును బాబు బాగోగులు చూసే కేస్ వర్కర్‌కూ, కోర్టు బాబు తరఫున నియమించిన న్యాయవాదికీ ఇవ్వండి. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం, కేంద్ర నిధులు తీసుకునే బడి జాతి వేధింపులను చూసీ చూడనట్లు వదిలేయడానికి వీల్లేదు. జుట్టు తీరును బట్టీ, జడలను బట్టీ బడులు వివక్ష చూపకుండా టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి ప్రత్యేక చట్టం కూడా అమలులో ఉంది.

ఇక జుట్టు. వెక్కిరింతలు ఆపాలని దాన్ని పొట్టిగా కత్తిరించకండి. ఫోస్టర్ తల్లిగా అది మీరు ఒక్కరే తీసుకోదగిన నిర్ణయమూ కాదు. మెలికలు తిరిగిన ఆ జుట్టు త్వరగా పొడిబారుతుంది, రోజూ షాంపూ పడదు. తడిగా ఉన్నప్పుడు కండిషనర్ రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. మన పిల్లలకు చేసినట్లు పొడి తలను పైనుంచి లాగి దువ్వితే ఏడుపే మిగులుతుంది. ఇది మీకంటే బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు, వాళ్లమ్మ. కేస్ వర్కర్ అనుమతి తీసుకుని, ఈసారి కలిసేటప్పుడు ఆ దువ్వెన వెంట తీసుకువెళ్లి, బాబు ఎదుటే ఆమెను నేర్పమని అడగండి.