ప్రాజెక్టు బల్ల పైపలక చీలడం గురించి

తప్పు మీ టేకుది కాదు, బిగింపుది. వానాకాలంలో చేసిన బల్ల ఏప్రిల్‌కల్లా నిలువునా చీలిందని, పలకను చట్రానికి జిగురు పూసి, చుట్టూ స్క్రూలు బిగించామని రాశారు. చిక్కంతా అక్కడే ఉంది. కలప పొడవులో దాదాపు కదలదు. వెడల్పులో మాత్రం గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. 600 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 14 శాతం నుంచి 10 శాతానికి దిగితే నాలుగు మిల్లీమీటర్ల దాకా తగ్గగలదు. చట్రం కదలనివ్వకపోతే చెక్క చీలక ఏం చేస్తుంది?

చీలికలో రంపపు పొట్టు, జిగురు కలిపి కూరవద్దు, దయచేసి. పలకను విడదీసి, చీలిక వెంట కోసి, అంచులు చిత్రిక పట్టి మళ్లీ అతికించండి. తర్వాత చట్రం లోపలి వైపు గాడి తీయండి. చిన్న చెక్క బిళ్ళల ఒక కొనను నాలుకలా సన్నగా చెక్కి, ఆ నాలుక గాడిలో దూరేలా పెట్టి, బిళ్ళలను మాత్రమే పలక అడుగుకు స్క్రూతో బిగించండి. పలక పొడవు పక్కల ఉన్న బిళ్ళలకు గాడి లోపల మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. జిగురు వద్దు. మీ ప్రాజెక్టును పరీక్షించే జ్యూరీకి ఇచ్చే డ్రాయింగులో ఆ ఖాళీని కొలతతో సహా చూపించండి, తప్పక అడుగుతారు.