సెన్సర్ కొనేముందు ఎర్త్ చూడండి

ప్రశ్న: పాత 12 వోల్టుల ట్రక్కుకు ఇంజిన్ మార్చాను. హెడ్‌లైట్లు వేస్తే చాలు, టెంపరేచర్ ముల్లు ఎగిరిపడుతోంది. బ్యాటరీ కూడా దిగిపోతోంది. సెన్సర్, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) రెండూ మార్చాలా?

జవాబు: ఆగండి, ఏదీ కొనకండి. లైట్లు వేసినప్పుడే ముల్లు ఆడుతోందంటే నా అనుమానం ఎర్త్ మీదే, అంటే ఇంజిన్, ఛాసిస్ (బండి ఫ్రేమ్) నుంచి బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు తిరిగొచ్చే దారి మీదే. ఇంజిన్ దించి ఎక్కించే హడావుడిలో ఎర్త్ స్ట్రాప్‌ను (ఆ దారిని కలిపే మందపాటి తీగను) పెయింట్ మీదే బిగించేస్తారు. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేసి, మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ముందు ఇంజిన్ బ్లాక్‌కు, తర్వాత ఛాసిస్‌కు ఆనించండి. ఎక్కడ 0.2 వోల్టులు దాటినా దొంగ దొరికినట్టే. పెయింట్ గీకి, శుభ్రమైన లోహం మీద బిగించండి.

అప్పటికీ బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రాకపోతే బెల్టు, ఆల్టర్నేటర్ వైర్లు చూడండి. నడుస్తున్న ఇంజిన్‌కు బ్యాటరీ వైరు పీకి పరీక్షించమనే సలహా మాత్రం వినకండి. బాగున్న ఆల్టర్నేటర్ కూడా కాలిపోవచ్చు.