పేరు తర్వాత, ముందు కొవ్వు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇకనుంచి ప్లూరా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర) బయాప్సీలన్నీ నీ బల్ల మీదికే వస్తాయన్నావు కాబట్టి, ఆ పొరకు వచ్చే క్యాన్సర్ మీసోథీలియోమా గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. డెసిడ్యువాయిడ్, లింఫోహిస్టియోసైటాయిడ్, డెస్మోప్లాస్టిక్ లాంటి అరుదైన రూపాల పేర్లు పుస్తకంలో చదివి, స్లైడ్‌లో వాటికోసం వెతకడం మొదలుపెట్టకు. ముందు తేల్చాల్సినవి రెండు. ఇవి మీసోథీలియల్ కణాలేనా, అంటే ఆ పొర సొంత కణాలేనా? అయితే ఇది క్యాన్సరేనా, వాపు వల్ల రేగిన మామూలు కణాలా? ఈ రెండూ తేలితే పేరు పెట్టడం ఎంతసేపు!

స్లైడ్ కంటే ముందు ముక్క సంగతి. థొరాకోస్కోపీ (ఛాతీలోకి గొట్టం పెట్టి చూసే పరీక్ష) చేసే డాక్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకో. వేర్వేరు చోట్ల నుంచి, కిందనున్న కొవ్వు కూడా వచ్చేంత లోతుగా తియ్యాలి. పైపైన గిల్లిన ముక్కలో ఫైబ్రిన్, గ్రాన్యులేషన్ టిష్యూ లాంటి మానే పుండు సరుకు తప్ప ఏమీ దొరకదు. 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచు. ముక్కలన్నీ ఒకే మైనపు బ్లాక్‌లో కుక్కకు. సున్నం పట్టిన ముక్క ఉంటే, సున్నం కరిగించే యాసిడ్‌లో వేసే ముందే మెత్తటి భాగం విడదీసి వేరే బ్లాక్ చెయ్యి. యాసిడ్ డీఎన్ఏని దెబ్బతీస్తుంది, ఆ బ్లాక్ మీద ఫిష్ (కణంలో జన్యువు ఉందో పోయిందో చూసే) పరీక్షకు నమ్మకం ఉండదు. మొదటిసారి కోసినప్పుడే 3–4 మైక్రాన్ల మందంలో పది పదిహేను స్లైడ్లు రంగు వెయ్యకుండా తీసి దాచమని టెక్నీషియన్‌కి చెప్పు. బ్లాక్ మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ సరిచేయడానికే కొంత టిష్యూ పోతుంది. చిన్న బయాప్సీలో అంత నష్టం తట్టుకోలేం.

ఇప్పుడు మార్కర్లు, అంటే కణం ఏ జాతిదో చెప్పే ప్రత్యేక రంగులు. ఎపిథీలియాయిడ్ (గుండ్రటి, పలకల కణాల) రూపంలో కనిపిస్తే కనీసం రెండు మీసోథీలియల్ మార్కర్లు, రెండు కార్సినోమా మార్కర్లు వెయ్యి. కాల్రెటినిన్, డబ్ల్యూటీ1, డీ2-40 ఒక వైపు. క్లాడిన్-4, ఎంఓసీ31 లేదా బెర్-ఈపీ4 మరో వైపు. కాల్రెటినిన్ న్యూక్లియస్‌లో పట్టాలి, సైటోప్లాజంలో మాత్రమే పడితే లెక్కలోకి రాదు. డబ్ల్యూటీ1 కూడా అంతే, న్యూక్లియస్‌లోనే. క్లాడిన్-4 కణాల అంచుల వెంట గట్టిగా పట్టిందంటే మీసోథీలియోమా మాట దాదాపుగా మర్చిపోవచ్చు. ఒక్క మార్కర్ చేతికిచ్చి తీర్పు చెప్పమంటే నేను అడిగేది దాన్నే.

అరుదైన రూపాల్లో ఈ మార్కర్లే మోసం చేస్తాయి. ఎపిథీలియాయిడ్ హేమాంజియోఎండోథీలియోమాలో (రక్తనాళ కణాల క్యాన్సర్) డీ2-40 పడుతుంది, కెరటిన్ కూడా పట్టవచ్చు. దానికి ఈఆర్‌జీ, సీడీ31, క్యామ్‌టా1 వెయ్యాలి. సైనోవియల్ సార్కోమాలో (మెత్తటి కణజాలపు క్యాన్సర్) కాల్రెటినిన్ పట్టవచ్చు; అక్కడ ఎస్ఎస్18 జన్యువు మార్పు వెతకాలి. పెరిటోనియంలో (పొట్ట లోపలి పొర) అయితే అండాశయపు సీరస్ కార్సినోమాకి డబ్ల్యూటీ1 మామూలుగానే పాజిటివ్, కాబట్టి ఆ మార్కర్ అక్కడ దండగ. క్లాడిన్-4, పాక్స్8, ఈఆర్ చూడు. లోపల ఖాళీగా, తెల్లగా కనిపించే కణాలుంటే మూత్రపిండం నుంచి వచ్చిందేమో చూడకుండా క్లియర్ సెల్ మీసోథీలియోమా అనకు. లింఫోసైట్లు కిక్కిరిసి ఉంటే లింఫోమా అనో థైమోమా (థైమస్ గ్రంథి కణితి) అనో అనిపిస్తుంది. వాటి మధ్య చెదిరిన పెద్ద కణాల మీద కెరటిన్ వేసి చూడు, లింఫోహిస్టియోసైటాయిడ్ రూపం బయటపడేది అక్కడే. గులాబీ రంగు గాజులాంటి సైటోప్లాజంతో పెద్ద పలకల కణాలుంటే అది డెసిడ్యువాయిడ్.

అసలు కష్టమంతా డెస్మోప్లాస్టిక్ దగ్గరే. కణితిలో సగానికి మించి దట్టమైన కొల్లాజెనే ఉంటుంది, మధ్యలో చిన్న చిన్న కణాలు ఏమీ ఎరగనట్టు కూర్చుంటాయి. కణాల ముఖం చూసి ఫైబ్రస్ ప్లూరైటిస్ (నార పట్టిన మామూలు వాపు) అని రాసేస్తావు, తప్పంతా అక్కడే జరుగుతుంది. కణాన్ని వదిలి అమరికను చూడు. ప్లూరైటిస్‌లో పొరలుంటాయి: పైన కణాలు ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గి గట్టి నార మిగులుతుంది, రక్తకేశనాళికలు ఉపరితలానికి నిటారుగా నిలుస్తాయి. డెస్మోప్లాస్టిక్‌లో ఆ క్రమం ఉండదు, రక్తనాళాలు తక్కువ, కొన్నిచోట్ల కణాలు ఉన్నట్టుండి గుంపుకడతాయి. వాపు లేకుండా చచ్చిన కొల్లాజెన్ కనిపిస్తే అనుమానం పెంచుకో. అన్నిటికంటే గట్టి రుజువు కొవ్వులోకి దూరిన కణాలు. కెరటిన్ వేసి చూడు, హెచ్ అండ్ ఇ అనే మామూలు రంగులో కనపడనివి బయటికొస్తాయి. ఇక్కడో బోల్తా ఉంది: మానిన ప్లూరైటిస్‌లో గట్టి నార మధ్య ఏర్పడే గుండ్రటి ఖాళీలు అచ్చం కొవ్వులా ఉంటాయి. అవి ఉపరితలానికి సమాంతరంగా సాగుతాయి, వాటికి ఎస్100 పట్టదు. నిజమైన కొవ్వు కణాలకు పడుతుంది. అనుమానమొస్తే ఆ ఒక్క స్లైడూ వేసి తేల్చుకో.

సారకోమటాయిడ్ (కదురు ఆకారపు కణాల) రూపంలో కాల్రెటినిన్, డబ్ల్యూటీ1 తరచూ నెగటివ్. అది చూసి మీసోథీలియోమా కాదనకు. విశాలమైన కెరటిన్ కాక్‌టెయిల్ వెయ్యి. ఊపిరితిత్తి సారకోమటాయిడ్ కార్సినోమా నుంచి విడదీయడానికి గాటా3 గట్టిగా, అంతటా పడితే మీసోథీలియోమా వైపు మొగ్గు.

క్యాన్సరా కాదా అన్నప్పుడు బాప్1, ఎంటాప్ అనే ప్రొటీన్లకు రంగు వేసి చూడు. క్యాన్సరైతే బాప్1 రంగు న్యూక్లియస్‌లోనూ, ఎంటాప్ రంగు సైటోప్లాజంలోనూ పోవాలి. రెంటికీ ఒకటే షరతు, పక్కనున్న లింఫోసైట్లు, రక్తనాళాల గోడల్లో రంగు పట్టి ఉండాలి. అక్కడా లేకపోతే అది స్టెయిన్ తప్పు, కణితి లక్షణం కాదు. ఎపిథీలియాయిడ్‌లో సగానికి పైగా బాప్1 పోతుంది గానీ, సారకోమటాయిడ్‌లో చాలాసార్లు నిలిచే ఉంటుంది. అక్కడ ఎంటాప్, సీడీకేఎన్2ఏ జన్యువు పోయిందేమో చూసే ఫిష్ మీద ఆధారపడు. మరొకటి, ఈ రంగులు నిలిచాయంటే బినైన్ (క్యాన్సర్ కాదు) అని అర్థం కాదు. పోతేనే రుజువు, ఉంటే ఏమీ తేలదు.

ఒకే వరుస కణాలతో ముచ్చటైన పాపిల్లాలు (వేళ్లలాంటి మొలకలు) కనిపిస్తే వెల్ డిఫరెన్షియేటెడ్ పాపిల్లరీ అని సంబరపడకు. మామూలు మీసోథీలియోమా పైభాగం కూడా అలాగే ఉంటుంది, చిన్న ముక్కలో అడుగు కనిపించదు. 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ వెల్ డిఫరెన్షియేటెడ్ పాపిల్లరీని మీసోథీలియోమా అనడం మాని మీసోథీలియల్ ట్యూమర్ అంది, కాబట్టి పేరు తప్పితే చికిత్సే మారిపోతుంది. బైఫాసిక్‌కి, అంటే ఎపిథీలియాయిడ్, సారకోమటాయిడ్ రెండూ కలిసినదానికి, పెద్ద సర్జరీ నమూనాలో రెండు భాగాలూ కనీసం 10% చొప్పున ఉండాలి. చిన్న బయాప్సీలో రెండూ కనిపిస్తే చాలు, ఎంతెంత ఉన్నాయో శాతాలు రాసెయ్యి.

రిపోర్టులో రోగి ఆస్బెస్టాస్ పీల్చిన చరిత్రను ఆధారంగా వాడకు, అది రోగి కథ, కణజాలం కథ కాదు. స్కాన్ మాత్రం చూడు, ప్లూరా అంతా మందంగా చుట్టుకుందా, ఒకే గడ్డా అన్నది తెలియాలి. ముక్క చాలకపోతే ‘ఎటిపికల్ మీసోథీలియల్ ప్రొలిఫరేషన్’ (అనుమానించదగ్గ పెరుగుదల, ఇంకా తేలలేదు) అని రాసి, ఏం కావాలో స్పష్టంగా అడుగు: కొవ్వుతో కూడిన లోతైన బయాప్సీ అని. ఏ బ్లాక్ మీద ఏ మార్కర్ వేశావో నంబర్లతో సహా రాయి. రెండో అభిప్రాయానికి బ్లాక్ పంపినప్పుడు అవతలివాళ్లు మొదట అడిగేది అదే.

ఆశీస్సులతో.